క్యాలెండరులో రాయని తేదీలు

మా వంటింటి తలుపు పక్కన వేలాడే వెంకట్రామా క్యాలెండరులో పాల లెక్క ఉంటుంది, గ్యాస్ బండ మార్చిన తేదీ ఉంటుంది, అత్తయ్యగారి బీపీ మాత్రలు ఏ రోజుకు అయిపోతాయో కూడా రాసి ఉంటుంది. నా బహిష్టు తేదీలు మాత్రం అందులో ఎన్నడూ రాయలేదు. పదమూడో ఏట మొదలై, రెండు కాన్పుల కాలాన్ని మినహాయిస్తే ముప్పై మూడేళ్లపాటు ఇరవై ఎనిమిది, ముప్పై రోజులకొకసారి వచ్చి ఐదు రోజుల్లో వెళ్లిపోయేదానికి రాసుకోవలసిన అవసరమేముందని అనుకున్నాను. గత ఏడాది వినాయక చవితి మరునాడు గుంటూరులో ఒక డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నప్పుడు, "కిందటిసారి ఏ తేదీన మొదలైంది, అంతకు ముందు ఏ తేదీన?" అని ఆమె అడిగిన మొట్టమొదటి ప్రశ్నకే నా దగ్గర సమాధానం లేకపోయింది. తేదీలు చెప్పలేకపోయాను గానీ, ఆ రోజుకు నాకు రక్తస్రావం మొదలై ఇరవై రోజులైందని మాత్రం చెప్పగలిగాను.

నేను తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. ఆ ఏడాది సంక్రాంతి దాటినప్పటి నుంచే లెక్క తప్పడం మొదలైంది. ఒకసారి ఇరవై ఒక్క రోజులకే వచ్చింది, మరోసారి నలభై రోజులైనా రాలేదు, వేసవి సెలవులైన తరువాత రెండు నెలలు పూర్తిగా ఆగిపోయింది. మా వదినకు ఫోనులో చెబితే, "ముట్లు ఆగిపోయే వయసు కదమ్మా, ఇక నీకూ పీడ వదిలినట్టే" అని నవ్వింది. నేనూ నవ్వాను. నలభై దాటిన స్త్రీకి ఏ ఇబ్బంది వచ్చినా దానికి వయసన్న ఒక్క మాటతో మనవాళ్లు మూత పెట్టేస్తారు, ఆ మూత నాకు నేనుగా కూడా ఎంత గట్టిగా బిగించుకున్నానో ఆ తరువాత తెలిసింది.

శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం దగ్గరపడుతుండగా, రెండు నెలలుగా రానిది సరిగ్గా ఆ శుక్రవారమే వస్తుందేమోనన్న భయంతో మందుల షాపుకు వెళ్లి వాయిదా మాత్రలు తెచ్చుకున్నాను. పూజలకు, తిరుపతి ప్రయాణాలకు, గృహప్రవేశాలకు మన ఇళ్లలో ఆడవాళ్లు వేసుకునే ఆ నోర్‌ఎథిస్టిరాన్ మాత్రలను చీటీ అడగకుండానే ఇస్తారు. పూటకొకటి చొప్పున రోజుకు మూడేసి, ఐదు రోజులు వేసుకుని, వ్రతం పూర్తయిన సాయంత్రం మానేశాను. మాత్రలు ఆపిన రెండు మూడు రోజుల్లో బహిష్టు రావడం మామూలే కనుక ఆదివారం మొదలైనప్పుడు ఆశ్చర్యపోలేదు. ఐదో రోజుకు తగ్గకపోతే రెండు నెలలది ఒకేసారి పోతోందనుకున్నాను, ఎనిమిదో రోజుకు మాత్రల వేడి అనుకున్నాను. ప్రతి రోజుకూ ఒక కారణం దొరికింది గానీ డాక్టరు దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఆ రోజులు ఎలా గడిచాయో ఇక్కడ కొంత వివరంగానే రాయాలి, ఎందుకంటే ఇలాంటి సంగతులను మనం మర్యాద పేరుతో దాటేస్తాం. ముదురు రంగు చీరలు నాలుగింటినే మార్చి మార్చి కట్టుకున్నాను. ప్యాడు ఒకటి చాలక రెండు పెట్టుకుని, ఆ మీద పాత నూలు బట్ట మడత వేసుకుని బడికి వెళ్లేదాన్ని. నలభై ఐదు నిమిషాల పీరియడు పూర్తి కాకముందే తడి తెలిసిపోయేది. కుర్చీలో కూర్చోవడం మానేసి నిలబడే పాఠం చెప్పాను, నిలబడితే గడ్డలు జారుతున్నట్టు తెలిసి మాట మధ్యలో ఆగిపోయేది. మా స్టాఫ్‌రూమ్ మెట్లు పద్నాలుగే అయినా ఎక్కేసరికి గుండె దడదడలాడి గోడ పట్టుకోవలసి వచ్చేది. ఇంకొక వింత అలవాటు కూడా మొదలైంది. బియ్యం డబ్బా మూత తీసినప్పుడల్లా పచ్చి బియ్యం గుప్పెడు తీసి నమిలేదాన్ని. బియ్యం తింటే పెళ్లినాడు వాన పడుతుందని మా అమ్మ చిన్నప్పుడు బెదిరించేది, పెళ్లయిన ఇరవై నాలుగేళ్ల తరువాత ఇక వానకు భయపడనక్కరలేదు కదా అని నాకు నేనే హాస్యమాడుకున్నాను. ఒంట్లో ఇనుము బాగా తగ్గినవాళ్లకు పచ్చి బియ్యం, మట్టి, ఐసు ముక్కలు వంటివి తినాలనిపిస్తుందని, అది కూడా చెప్పుకోవలసిన లక్షణమేనని నాకు అప్పటికి తెలియదు.

తొమ్మిదో రోజున మా వీధి ఆర్ఎంపీ గారు రక్తం ఆపే మాత్రలిచ్చారు. ట్రానెక్సామిక్ యాసిడ్ అనే ఆ మందు చెడ్డదేమీ కాదు. అధిక రక్తస్రావానికి పెద్ద డాక్టర్లు కూడా దానినే రాస్తారు. కాకపోతే అది స్రావాన్ని తగ్గిస్తుందే తప్ప ఎందుకు అవుతోందో చెప్పదు, గతంలో కాలి నరాల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు దానిని వాడకూడదు. ఆయన నన్ను ఆ ప్రశ్న అడగలేదు. రెండు రోజులు తగ్గి, మాత్రలైపోగానే మళ్లీ మునుపటికంటే ఎక్కువగా మొదలైంది.

పదహారో రోజున మావారు సెలవు పెట్టి పట్టణంలోని ఒక నర్సింగ్‌హోముకు తీసుకెళ్లారు. పొట్ట మీద నుంచి స్కానింగ్ చేశారు, రక్తపరీక్ష చేశారు, హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది. స్త్రీలకు కనీసం 12 ఉండాలి. స్కానింగ్ కాగితం చూసి అక్కడి డాక్టరు, గర్భసంచి ఉబ్బింది, గడ్డ కూడా ఉంది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు కనుక దానితో ఇక పనిలేదు, ఉంచుకుంటే క్యాన్సర్ కావచ్చు, ఎల్లుండి రెండు సీసాల రక్తం ఎక్కించి తీసేద్దాం అన్నారు. మా మాటలన్నీ కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మావారు వెంటనే తలూపారు, నిజం చెప్పాలంటే నేనూ ఊపాను. పదహారు రోజులు తడిలో నానిన మనిషికి ఎవరో ఒకరు ఈ పని ఇంతటితో ముగిస్తామని చెబితే అదే వరంలా వినిపిస్తుంది.

ఆపరేషనుకు సెలవు చీటీ ఇవ్వడానికి బడికి వెళ్లినప్పుడు మా జీవశాస్త్రం టీచరు, నాకంటే పదేళ్లు చిన్నది, కాగితాలన్నీ తిరగేసి చూసి, "అక్కా, ముక్క పరీక్ష, అదే బయాప్సీ, చేశారా?" అని అడిగింది. చేయలేదన్నాను. "మరి క్యాన్సర్ కావచ్చని ఎలా అన్నారు? కాదని ఎలా తెలుస్తుంది? ఒకవేళ నిజంగా అదే అయితే చేయవలసిన ఆపరేషన్ వేరేగా ఉంటుంది కదా?" అంది. ఆ మూడు ప్రశ్నల్లో ఒక్కటి కూడా నేను డాక్టరును అడగలేదు. రోజూ పిల్లలతో ప్రశ్నలు వేయమని పోరుపెట్టే నేను నా ఒంటి విషయంలో నోరు తెరవలేదన్నది ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

మా ఇంట్లో ఆపరేషన్ అంటే కొత్త మాట కాదు. మా పెద్దక్కకు ముప్పై ఆరో ఏట గర్భసంచి తీసేశారు, దానితోపాటు అండాశయాలు రెండూ తీసేశారన్న సంగతి ఆమెకు చాలా ఏళ్ల తరువాత ఏదో కాగితం చూస్తే తెలిసింది. సహజంగా ముట్లుడగకముందే అండాశయాలు పోతే ఎముకలు త్వరగా బలహీనపడతాయి, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. మా అక్కకు యాభై నాలుగో ఏట బాత్‌రూములో కాలు జారిన చిన్నపాటుకే మణికట్టు విరిగింది. మన ఊళ్లలో ఇలాంటి అక్కలు ఎందరున్నారో లెక్కలే చెబుతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి 3.2 మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 మంది ఉన్నారు. అనవసరంగా గర్భసంచులు తొలగించడంపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, కేంద్ర ఆరోగ్యశాఖ రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఇవన్నీ నేను తరువాత చదువుకున్నవి. ఆ రోజు నన్ను ఆపినది మాత్రం మా టీచరు అడిగిన ఆ మొదటి ప్రశ్నే.

అలా చవితి మరునాడు గుంటూరు వెళ్లాం. ఆ డాక్టరమ్మ నన్ను పడుకోబెట్టే ముందు దాదాపు ఇరవై నిమిషాలు ప్రశ్నలే వేశారు. రోజుకు ఎన్ని ప్యాడ్లు, పూర్తిగా తడిసినవా సగమా, గడ్డలు రూపాయి బిళ్లంత ఉన్నాయా అంతకంటే పెద్దవా, రెండు బహిష్టుల మధ్యలో మరకలు కనిపించాయా, భార్యాభర్తల కలయిక తరువాత ఎప్పుడైనా రక్తం కనిపించిందా, థైరాయిడ్, షుగరు ఉన్నాయా, రక్తం పలుచబడే మందులేమైనా వాడుతున్నానా, చిన్నప్పుడు పన్ను పీకించినప్పుడు రక్తం ఆగకుండా కారిందా, మా పుట్టింట్లో గర్భసంచికి గానీ పెద్దపేగుకు గానీ క్యాన్సర్ వచ్చినవాళ్లున్నారా, ఇలా అడుగుతూ పోయారు. వాయిదా మాత్రల సంగతి చెప్పడానికి మొహమాటపడ్డాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేకుండా ఎన్ని రోజులు, రోజుకెన్ని అని రాసుకున్నారు. మాత్రలు ఆపిన తరువాత వచ్చే స్రావం వారం రోజుల్లో ఆగాలి, ఇన్నాళ్లు సాగిందంటే మాత్రల మీదకు నెట్టేయడానికి లేదన్నారు. తరువాత మొట్టమొదట చేయించినది గర్భధారణ పరీక్ష. ఇరవై ఏళ్ల క్రితం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నదాన్ని, నలభై ఆరేళ్ల మనిషిని, బయట వరండాలో మా కూతురు వయసు పిల్లల పక్కన మూత్రం సీసా పట్టుకుని నిలబడితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గర్భస్రావం కూడా ఇలాగే కనిపించవచ్చు కనుక ఈ వయసులో కూడా దానిని ముందు తోసిపుచ్చాలట.

ఆ తరువాత లోపలి పరీక్ష చేసి గర్భాశయ ముఖద్వారాన్ని చూశారు, అక్కడి కణాలను పరీక్షకు పంపే పాప్ స్మియర్ తీశారు. అప్పుడే నాకున్న ఒక అపోహ తీరింది. మూడేళ్ల క్రితం ఒక వైద్యశిబిరంలో పాప్ పరీక్ష చేయించుకుంటే బాగుందని వచ్చింది కనుక నాకు క్యాన్సర్ భయం లేదనుకున్నాను. ఆ పరీక్ష ముఖద్వారానికి సంబంధించినదే తప్ప గర్భసంచి లోపొర సంగతి చెప్పేది కాదని, రెండూ వేర్వేరు గదుల వంటివని ఆమె వివరించారు. యోని మార్గం ద్వారా చేసే స్కానింగులో లోపొర మందం పదిహేడు మిల్లీమీటర్లుగా కనిపించింది. నర్సింగ్‌హోములో చెప్పిన గడ్డ ఉన్నమాట నిజమే. అది రెండు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని కండర గడ్డ, గర్భసంచి గోడలో ఉంది. ఫైబ్రాయిడ్ల విషయంలో పరిమాణం కంటే చోటు ముఖ్యమని, లోపలి కుహరంలోకి పొడుచుకువచ్చినది వేరుశెనగ గింజంత ఉన్నా విపరీతంగా రక్తం పోగలదని, కుహరాన్ని తాకకుండా గోడలో ఉన్న నా గడ్డను ఈ స్రావానికి దోషిగా నిలబెట్టలేమని అన్నారు.

ఇలాంటి రక్తస్రావానికి కారణాల గురించి అడిగితే ఆమె ఓపికగా చెప్పారు. ప్రపంచ స్త్రీవైద్య, ప్రసూతి నిపుణుల సమాఖ్య 2011లో ఈ కారణాలను తొమ్మిది తరగతులుగా విడదీసింది. అందులో నాలుగు కంటికో సూక్ష్మదర్శినికో దొరికేవి, అంటే లోపలికి వేలాడే మెత్తటి కండల్లాంటి పాలిప్‌లు, లోపొర గోడలోకి చొచ్చుకుపోయే ఎడినోమయోసిస్, ఫైబ్రాయిడ్లు, నాలుగోది క్యాన్సరూ దానికి ముందుదశ మార్పులూ. మిగిలినవి స్కానింగులో కనిపించనివి, రక్తం గడ్డకట్టడంలో లోపం, అండం సరిగా విడుదల కాకపోవడం, మందుల ప్రభావం వంటివి. నా వయసులో అన్నిటికంటే మామూలుగా జరిగేది అండం విడుదల తప్పిపోవడం. అండం విడుదలైన నెలలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను తయారై, లోపొరను ఒక క్రమంలో ఉంచి, చివరకు ఒక్కసారిగా రాలిపోయేలా చేస్తుంది. అండం విడుదల కాని నెలలో ఈస్ట్రోజెన్ ఒక్కటే పనిచేసి పొరను పెంచుతూ పోతుంది. "పాత సున్నం గోకకుండా ఏటా మీద మీద పూత వేసుకుంటూ పోతే గోడ ఏమవుతుందమ్మా? ఒకరోజు ఇక్కడో పెచ్చు, మర్నాడు అక్కడో పెచ్చు ఊడుతుంది. మీకు జరుగుతున్నది అదే" అన్నారు. ఇన్ని రోజులు నేను తడిసిన చీరలకు ఇంతకంటే సరిగా సరిపోయే మాట నాకు దొరకలేదు. నా బరువు డెబ్బై ఎనిమిది కిలోలు, షుగరు అంచున ఉంది. ఒంట్లోని కొవ్వు కూడా ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తుంది కనుక ఆ పూతకు సున్నం అదనంగా అందుతున్నట్టే లెక్క.

"ఇది వయసు వల్లనేనన్నమాట" అన్నాను, కొంత ఊరటతో. అప్పుడామె కలం కింద పెట్టి చెప్పిన మాటలు నాకు దాదాపు అలాగే గుర్తున్నాయి. వయసు వల్ల అయి ఉండవచ్చు, కానీ లోపొర క్యాన్సరూ దాని ముందుదశలూ కూడా ఈ వయసు నుంచే ఎక్కువవుతాయి కనుక, ముక్క తీసి చూడకుండా వయసు వల్ల అని రాయడానికి తనకు అధికారం లేదన్నారు. నలభై ఐదేళ్లు దాటిన స్త్రీకి అసాధారణ రక్తస్రావం ఉంటే లోపొర నమూనా తీసి పరీక్షకు పంపాలి. అధిక బరువు, షుగరు, అండాశయాల్లో నీటిబుడగల్లాంటివి కనిపించే పీసీఓఎస్, కుటుంబంలో ఆ క్యాన్సర్ల చరిత్ర ఉంటే, లేదా మందులకు స్రావం లొంగకపోతే నలభై ఐదు నిండేవరకు ఆగకూడదు.

ఇంతకూ ఎప్పుడు వచ్చి ఉండవలసిందని అడిగాను. ఎనిమిది రోజులు దాటినప్పుడే రావలసిందన్నారు. నలభైలలో ఒక నెల రాకపోవడం, కొంచెం ముందో వెనుకో రావడం చాలామందికి జరిగేదే, దానికి కంగారుపడనక్కరలేదు గానీ, ఇరవై నాలుగు రోజుల లోపే మళ్లీ మళ్లీ వస్తున్నా, ఎనిమిది రోజులకు మించి సాగుతున్నా, బహిష్టుల మధ్యలో గానీ కలయిక తరువాత గానీ రక్తం కనిపించినా ఆ వారంలోనే చూపించుకోవాలి. గంటకొక ప్యాడు చొప్పున రెండు మూడు గంటలు వరుసగా పూర్తిగా తడిసిపోతున్నా, నిలబడితే కళ్లు చీకట్లు కమ్ముతున్నా, ఆయాసం వస్తున్నా ఆ రోజే, ఆ పూటే ఆసుపత్రికి రావాలి. ఇక ముట్లు ఆగి పన్నెండు నెలలు నిండిన తరువాత ఒక్క చుక్క కనిపించినా అది బహిష్టు తిరిగి రావడం కాదు, తప్పక చూపించుకోవాలి, దానికి మినహాయింపులేమీ లేవు. ఈ చివరి మాట వింటున్నప్పుడు నా మనసులో ఏదో మెదిలింది గానీ అప్పుడు పట్టించుకునే స్థితిలో లేను.

ముక్క పరీక్ష మర్నాడు చేశారు. పరీక్షకు గంట ముందు నొప్పి మాత్ర వేసుకోమన్నారు. మత్తు ఇవ్వలేదు. స్ట్రా కంటే సన్నని మెత్తటి గొట్టాన్ని ముఖద్వారం గుండా లోపలికి పంపి, లోపొర నుంచి కొంచెం పీల్చి తీస్తారు. నొప్పి ఉండదని కొందరు చెబుతారు, నేను అలా చెప్పను. బహిష్టు మొదటిరోజు కడుపునొప్పిని మూడింతలు చేసి రెండు నిమిషాల్లో కుక్కినట్టు ఉంది, నర్సు చెయ్యి నా గోళ్లు దిగేంత గట్టిగా పట్టుకున్నాను. అయిపోయాక పది నిమిషాలు పడుకుని, నడిచి బయటికి వచ్చి, బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను. మత్తు లేకుండా తట్టుకోలేనివాళ్లకు, గొట్టం లోపలికి పోనివాళ్లకు, పాలిప్ ఉందన్న అనుమానం ఉన్నవాళ్లకు కొద్దిపాటి మత్తులో చిన్న కెమెరాతో లోపలంతా చూస్తూ ముక్క తీసే హిస్టెరోస్కోపీ ఉంది. అది ఇంకా నమ్మకమైనదని కూడా ఆమె చెప్పారు.

ముక్క తీసేవరకు హార్మోను మాత్రలేవీ మొదలుపెట్టలేదు, తీసిన తరువాత ప్రొజెస్టిరాన్ జాతి మాత్రలిచ్చారు. విచిత్రమేమిటంటే, పూజ కోసం నేను వేసుకున్న ఆ వాయిదా మాత్రలే ఇప్పుడు చికిత్సగా వేరే లెక్కలో వచ్చాయి. ఇరవై నాలుగో రోజున స్రావం ఆగింది. ఆ రాత్రి లేత గులాబీరంగు దుప్పటి పరుచుకుని పడుకున్నాను, అది ఎంత సంతోషమో ఆడవాళ్లకు చెప్పనక్కరలేదు. రక్తం ఎక్కించవలసిన అవసరం లేదని, స్రావం ఆగింది కనుక ఇనుము అందితే శరీరమే తయారుచేసుకుంటుందని, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇనుము మందును సెలైనులో కలిపి వెయ్యి మిల్లీగ్రాములు ఎక్కించారు. ఎక్కించిన తరువాత అరగంట కూర్చోబెట్టి చూసి పంపారు. మూడు వారాల్లో స్టాఫ్‌రూమ్ మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కాను, బియ్యం డబ్బా మీద మోజు దానంతటదే పోయింది.

రిపోర్టు కోసం వేచి ఉన్న ఎనిమిది రోజుల గురించి ఎక్కువ రాయను. మా అబ్బాయి పెళ్లికని దాచిన గొలుసు ఎక్కడుందో మావారికి చూపించాను, అంతవరకు చెబితే చాలు.

వచ్చిన మాట 'హైపర్‌ప్లేసియా వితౌట్ ఎటిపియా'. లోపొర కణాలు అతిగా పెరిగాయి గానీ వాటి రూపంలో వికృత మార్పులు లేవని అర్థం. ఇది క్యాన్సర్ కాదు, ఇలాంటివి ఇరవై ఏళ్ల కాలంలో క్యాన్సరుగా మారేది నూటికి ఐదుగురి లోపే. వికృత మార్పులు, అంటే ఎటిపియా ఉన్నదని వచ్చి ఉంటే మీ వయసులో నేనే మిమ్మల్ని ఆపరేషనుకు ఒప్పించి ఉండేదాన్నని ఆమె స్పష్టంగా చెప్పారు. ఆ మాట వల్లనే నాకు ఆమె మీద గురి కుదిరింది. ఆపరేషన్ వద్దనడం ఆమె పట్టుదల కాదు, ఎవరికి కావాలో తెలుసుకున్నాకే చేయాలన్నది ఆమె పద్ధతి. నాకున్న దారులు రెండు. హార్మోను మాత్రలు కనీసం ఆరు నెలలు వరుసగా వాడడం ఒకటి, లెవోనార్జెస్ట్రెల్ హార్మోనును అక్కడికక్కడే కొంచెం కొంచెంగా విడుదలచేసే లూపు గర్భసంచిలో అమర్చుకోవడం రెండోది. రెండోదానితో పొర తగ్గే అవకాశం ఎక్కువని, రోజూ మాత్ర గుర్తుంచుకునే పని లేదని చెబితే దానినే ఎంచుకున్నాను. "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాక మళ్లీ లూపెందుకు?" అని మా వదిన అడిగింది. ఈ లూపు నాకు పిల్లలను ఆపడానికి కాదు, మందు గిన్నె లాంటిదని చెబితే ఆమెకు సగమే నమ్మకం కలిగింది.

లూపు పెట్టిన వెంటనే అంతా చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. మొదటి నాలుగు నెలలు రెండు రోజులకొకసారి మరకలు, ఒకటి రెండుసార్లు తీసేయించుకుందామన్నంత విసుగు. ఇలా ఉంటుందని ముందే చెప్పారు కనుక ఓర్చుకున్నాను. ఐదో నెల నుంచి దాదాపు ఏమీ లేదు. ఆరో నెలలో లూపు ఉండగానే మళ్లీ ముక్క తీశారు. ఈసారి నొప్పి తక్కువో, నా భయం తక్కువో చెప్పలేను. పొర మామూలు స్థితికి వచ్చిందని రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 12.3. ఇంకో ఆరు నెలలకు మరొక పరీక్షలో కూడా ఇలాగే వస్తేనే నిశ్చింతగా ఉండాలని, ఈ లోగా బరువు తగ్గితే ఆ పరీక్షకు నేనే సాయం చేసినట్టని అన్నారు. ఇప్పటికి ఆరు కిలోలు తగ్గాను.

ఆ రిపోర్టు తెచ్చుకున్న సాయంత్రం వరండాలో కూర్చుని ఈ సంగతులన్నీ అత్తయ్యగారికి చెబుతున్నాను. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. డాక్టరమ్మ చెప్పిన ఆ చివరి మాట, ఆగిపోయిన తరువాత ఒక్క చుక్క కనిపించినా అన్న మాట చెప్పేసరికి చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆమె చేతులు ఆగాయి. "అమ్మాయ్, నాకు కిందటేడు చవితి ముందు రెండుసార్లు కనిపించిందే. లోపలి బట్టకు అంటింది. ఈ వయసులో ఎవరికి చెప్పుకోను, నువ్వే అన్ని అవస్థల్లో ఉంటే" అన్నారు. గుంటూరులో నా మనసులో మెదిలినది ఏమిటో అప్పుడు తెలిసింది. దండెం మీద ఆమె చీరకు కనిపించిన మరకను నేను ఆకు వక్క మరక అనుకుని పిండి ఆరేశాను.

మూడో రోజున ఆమెను తీసుకెళ్లాను. ఇరవై ఏళ్ల క్రితం ముట్లుడిగిన ఆమె పరీక్ష బల్ల మీదికి ఎక్కడానికి ససేమిరా అన్నారు. డాక్టరమ్మ "మామ్మగారూ, మీ కోడలు చేయించుకున్నదే" అంటే కళ్లు గట్టిగా మూసుకుని ఒప్పుకున్నారు. స్కానింగులో లోపొర మందం మూడు మిల్లీమీటర్లు. బహిష్టులు అవుతున్న స్త్రీలో ఈ మందం నెలలో ఏ రోజు చూశామన్నదాన్ని బట్టి మారుతుంది కనుక దానిని ఒక్కదానినే పట్టుకుని తీర్మానించలేరు గానీ, ముట్లుడిగినవారిలో నాలుగు మిల్లీమీటర్ల లోపు ఉంటే క్యాన్సర్ అవకాశం చాలా తక్కువ. ముఖద్వారం బాగానే ఉంది. హార్మోను తగ్గి పొరలు పలుచబడి, ఎండి, చిట్లడం వల్ల కనిపించిన రక్తమని చెప్పి రాసుకునే క్రీము ఇచ్చారు. మళ్లీ ఎప్పుడు కనిపించినా, స్కానింగ్ బాగుందన్న ధైర్యంతో ఊరుకోకుండా రావాలని, అప్పుడు ముక్క తీసి చూస్తామని నాతో రెండుసార్లు చెప్పించుకున్నారు. తిరుగు బస్సులో అత్తయ్యగారు కిటికీలోంచి చూస్తూ, "మా అమ్మకు కూడా చివర్లో ఇలాగే అయిందే. ఆరు నెలలు మంచంలో ఉండి పోయింది. ఏ జబ్బో ఎవరూ చూడలేదు" అన్నారు.

ఈ ఏడాది క్యాలెండరులో పాల లెక్క పక్కన ఎర్ర చుక్కలు కూడా ఉన్నాయి. నావి చిన్న చుక్కలు, ఈ మధ్య రెండే పడ్డాయి. అత్తయ్యగారి పేరు కింద ఇంతవరకు ఏదీ లేదు. నా మూడో ముక్క పరీక్ష తేదీ చుట్టూ మావారు గ్యాస్ బండకు గీసినట్టే సున్నా చుట్టి, పక్కన 'గుంటూరు, సెలవు పెట్టాలి' అని రాశారు.